కావ్యమున అన్నము, అన్నమున ఋతువు

మహాకావ్యమునకు ఆవశ్యకములైన వర్ణనలను మన ఆలంకారికులు లెక్కించి చెప్పిరి. దండి మొదలుకొని పరంపరగా వచ్చిన ఆ పట్టికలో నగరము కలదు, సముద్రము కలదు, పర్వతము కలదు, ఋతువులు కలవు, చంద్రసూర్యోదయములు కలవు. ఉద్యానవిహారము, జలక్రీడ, మధుపానము, వివాహము, ద్యూతము, యుద్ధము, ఇవన్నియు కలవు. తెలుగు ప్రబంధకవులు వీనినే అష్టాదశవర్ణనలని శిరసావహించిరి. ఈ పట్టికను చదివినప్పుడెల్ల నాకొక సందేహము కలుగుచుండును. మధుపానమునకు పీట వేసిన శాస్త్రకారుడు భోజనమునకేల విస్తరి వేయలేదు? మద్యము వర్ణనీయమైనప్పుడు అన్నమేల కాకపోయెను?

దీనికి సమాధానము ఊహింపరానిది కాదు. మధుపానము విలాసము, భోజనము అవసరము. అవసరము తీరినచోట కళ ఆరంభమగునని ఒక నమ్మకము మనలో బహుకాలముగా నాటుకొని యున్నది. ఆ నమ్మకము వలననే నేటికిని విమర్శకులు కావ్యమున వంటకములు కనిపించినంతనే చిరునవ్వు నవ్వి, కవి భోజనప్రియుడని యొక మాట యని ముందునకు సాగిపోవుదురు. లేదా ఆ పద్యములను సాంఘికచరిత్రకారునకు అప్పగించి, ఆనాటి ప్రజలు ఏమి తినిరో తెలిసికొనుటకు అవి పనికివచ్చునందురు. చరిత్రకు అవి పనికివచ్చుట నిజమే. కాని కవిత్వముగా వాని విలువ ఏమి యను ప్రశ్న అంతటితో తీరదు.

అన్నమును బ్రహ్మముగా భావింపుమని తైత్తిరీయోపనిషత్తు చెప్పిన దేశమిది. అన్నము భూమి, జలము, సూర్యుడు, మానవహస్తము, ఈ నాలుగును కలిసిన చోట పుట్టునది. మనము ప్రకృతిని చూచుట వేరు, వినుట వేరు, తినుట వేరు. చూచినప్పుడు కొండ కొండగానే యుండును, మనము మనముగానే యుందుము. తిన్నప్పుడు ఆ యెడము పోవును. కనుక ప్రకృతితో మనకు గల బంధమును పరీక్షింపదలచిన కవికి విస్తరికంటె సమీపమైన రంగస్థలము లేదు. మన భాషలలో కొందరు కవులు ఈ సంగతిని ఎట్లు గ్రహించిరో, కొందరు ఎట్లు జారవిడిచిరో చూచుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము.

సంస్కృతలాక్షణికులు విడిచిన దానిని తమిళలాక్షణికుడు విడువలేదు. తమిళమున ప్రాచీనతమమైన లక్షణగ్రంథము తొల్కాప్పియము. కవితావస్తువైన లోకమును నేలలుగా విభజించుట ఆ సంప్రదాయమున ప్రసిద్ధము. కొండనేల కుఱింజి, అడవినేల ముల్లై, పొలమునేల మరుదము, కడలితీరము నెయ్దల్, ఎండిన బీడు పాలై. ఒక్కొక్క నేలకు సహజములైన వస్తువులను లెక్కించు సూత్రమున దైవము మొదట వచ్చును. దైవము వెంటనే వచ్చునది ఆహారము. మృగము, వృక్షము, పక్షి, వాద్యము, వృత్తి, ఇవన్నియు దాని తరువాతనే. కొండవారికి కొఱ్ఱలు, అడవివారికి ఆరికలు సామలు, పొలమువారికి వరి, తీరమువారికి చేపయు, ఉప్పమ్మి తెచ్చుకొన్న బియ్యమును. ఇంతకంటె గంభీరమైన కావ్యసిద్ధాంతము మరొకటి లేదని నేననను. కాని మనుష్యుడు ఏ నేలపై నిలిచియున్నాడో తెలియుటకు వాని దేవుని తరువాత వాని అన్నము నడుగవలెనను నీ క్రమమున లోకానుభవము కలదు.

ఈ సిద్ధాంతము కావ్యమై నడచుట చూడవలెనన్న పత్తుప్పాట్టులోని సిఱుపాణాఱ్ఱుప్పడైని చూడవలెను. ఉ. వే. స్వామినాథ అయ్యరు 1889లో ప్రకటించిన ఈ పది దీర్ఘకావ్యముల సంపుటిలో అది యొకటి. కవి నల్లూర్ నత్తత్తనార్. నల్లియక్కోడన్ అను దాతను దర్శించి సంపన్నుడై వచ్చుచున్న పాణుడొకడు, దారిలో ఎదురైన మరొక బీదపాణునకు మార్గము చెప్పుటయే కథ. ఆ మార్గమును అతడు కోసులతో చెప్పడు, భోజనములతో చెప్పును. సముద్రతీరమున బెస్తపడుచు వడకట్టిన కల్లును కాల్చిన చేపను పెట్టును. అడవిపట్టున వేటకాండ్ర స్త్రీలు చింతపులుపు వేసి వండిన వేడియన్నమును అడవియావు మాంసముతో పెట్టుదురు. పొలముల యూరికి చేరినప్పుడు సేద్యగాండ్ర యింట దంచిన తెల్లని బియ్యపు అన్నమును పీతల కూరతో పెట్టుదురు. నాలుక మారినచో నేల మారినదని బాటసారి గ్రహించును. ఇందు వర్ణనకొరకు వర్ణన లేదు. ప్రతి ముద్దయు ఒక పొలిమేరరాయి.

అయితే ఈ కావ్యమునకు ప్రాణము ఈ విందులలో లేదు. దాతను చేరకముందు తన యింటి స్థితి యెట్లుండెనో పాణుడు చెప్పుచోట నున్నది. పాడువడిన వంటయిల్లు. అందు ఈనిన కుక్క. కన్నులు తెరువని పిల్లలు పాలులేని పొదుగును గుంజగా తాళలేక అది మొరుగుచున్నది. ఆకలిచే చిక్కిన గృహిణి చెత్తకుప్పపై మొలచిన వామింటాకును గోళ్లతో గిల్లి తెచ్చి, ఉప్పు లేకుండ ఉడికించినది. లోకులు చూతురను సిగ్గుచే తలుపు మూసి, బంధుజనముతో కలిసి ఆ యాకును తిన్నది. ఇదే కావ్యమున మరొకచోట ఉప్పువర్తకుల బండ్లు సాగిపోవును. బండ్లతో వచ్చిన కోతి వర్తకుల పిల్లలతో ఆడుకొనును. దేశమున ఉప్పు బండ్లకొలది నడచుచున్నది, ఒక యింట కూరలో కల్లు ఉప్పు లేదు. కవి ఈ రెండింటిని పోల్చి వ్యాఖ్యానింపడు. రెండును ఒకే కావ్యమున నుంచి ఊరకుండును. ప్రకృతి వామింటను ఎవరిని అడుగకయే మొలపించినది. ఉప్పు మాత్రము మనుష్యుల చేతులు దాటి రావలసినది. ప్రకృతి యిచ్చునది యెంత, మనుష్యుడు ఆపునది యెంత యను లెక్కను రెండు చిత్రములతో చెప్పిన ఈ కవిని నేను మహాకవులలో చేర్చుదును.

దీనికి ఎదురుగా శ్రీహర్షుని నైషధీయచరితమును పెట్టి చూతము. పదునారవ సర్గలో దమయంతీవివాహభోజనము కలదు. ఆ విందున శాకములు మాంసమువలెను, మాంసములు శాకములవలెను కనిపించునట్లు వండుదురు. ఏది యేదియో తెలియక పెండ్లివారు తికమకపడుదురు. వడ్డించువారికిని విస్తళ్లముందు కూర్చున్నవారికిని నడుమ శృంగారపు చేష్టలు, శ్లేషలు సాగుచుండును. శ్రీహర్షుని పాండితి యందు ఎవరికిని సందేహముండదు. ఆ విందు ఒక విధముగా అతని కవితకే ప్రతిబింబము. అతని శ్లోకమున అర్థము వెనుక మరొక యర్థము దాగియున్నట్లు ఆ వంటకమున ఒక పదార్థము వెనుక మరొక పదార్థము దాగియున్నది. ఇదియు అన్నమును కళగా చేయుటయే. కాని ఇందు కళ యనగా పదార్థమును దాని పుట్టుకనుండి తప్పించుట. ఆ కూర ఏ పొలమునుండి వచ్చినదో, ఏ నెలలో వచ్చినదో మనకు తెలియదు, తెలియవలెనని కవికిని లేదు. విందు ముగియునప్పటికి మనకు మిగులునది వంటవాని చాతుర్యముపై ఆశ్చర్యము మాత్రమే. ఆశ్చర్యము రసమునకు ద్వారము కావచ్చును, గృహము కాజాలదు.

ఈ రెండు మార్గములకు నడుమ తెలుగున ఒక కావ్యము నిలిచియున్నది. అది తెలుగురాజు తమిళదేశకథపై వ్రాసిన ఆముక్తమాల్యద. 1509 నుండి 1529 వరకు విజయనగరమును పాలించిన కృష్ణదేవరాయలు శ్రీవిల్లిపుత్తూరి విష్ణుచిత్తుని గూర్చి చెప్పుచు, అతడు వైష్ణవులకు అన్నము పెట్టు తీరును మూడు ఋతువులకు మూడు పద్యములుగా చెప్పెను. జడివానలు పట్టిన దినములలో వరియన్నము, ఒలిచిన పప్పు, నాలుగైదు కూరలు, వడియములు, వరుగులు, పెరుగు, నెయ్యి. వేసవిలో నులివెచ్చని యన్నము, తియ్యని చారులు, పలుచని యంబలి, చెరకురసము, లేతకొబ్బరినీరు, పండ్లు, పరిమళముగల చల్లనినీరు, ఊరిన మామిడిపిందెలు, నీరుమజ్జిగ. చలికాలమున కమ్మని తావిగల క్రొత్తయన్నము, మిరియపుపొడి తగిలి చుఱ్ఱుమను కూరలు, ముక్కుకెక్కు ఆవపచ్చళ్లు, పాయసములు, ఊరగాయలు, చేయి కాలునంత వేడి నెయ్యి, వెల్లువగా పాలు.

పట్టికగా చూచినచో ఇదియు వంటకముల పట్టికయే. కాని దీనిలోని వివేకమును గమనింపవలెను. వేసవిపద్యమున పదార్థములన్నియు నీటివైపు ఒదుగుచున్నవి. చారు, అంబలి, రసము, మజ్జిగ అని పద్యమే పలుచబడి ప్రవహించును. చలిపద్యమున అన్నియు అగ్నివైపు మొగ్గుచున్నవి. మిరియము, ఆవ, కాగిన నెయ్యి అని శబ్దములును చురుకుదేరును. బయట ఋతువు ఏది పెంచుచున్నదో విస్తరి దానికి ప్రతిగా మరొకదానిని పెంచును. ఇది వైద్యశాస్త్రమున ఋతుచర్య యనబడును. రాయలు దానిని ఆతిథ్యముగా మార్చెను. అతిథి దేహమున ఋతువు చేయు బాధను గృహస్థుడు ముందుగా ఊహించి, దానికి సమాధానమును విస్తరిలో నుంచుచున్నాడు. ఋతువర్ణన యని పేరుపెట్టక చేసిన ఋతువర్ణన ఇది. నా దృష్టిలో నెమళ్లు మేఘములు గల వర్ణనకంటె ఇది ప్రకృతికి దగ్గర.

వానకాలపు పద్యమున వడియములును వరుగులును ఉన్నవి. ఇది సామాన్యమైన మాటవలె తోచును. వడియములు వానలో పెట్టబడవు. అవి వేసవిలో, ఎండ మండిపోవునప్పుడు, చాపపైనను వస్త్రముపైనను పెట్టి ఎండించినవి. వరుగులును అట్టివే. కూరగాయలు దండిగా దొరకునప్పుడు తరిగి ఎండించి దాచినవి. సూర్యుడు కనిపించని దినములలో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టుచున్నది దాచిపెట్టిన సూర్యుని. వేసవిలో ఎవరో ఒక గృహిణి ఎండలో నిలిచి కాకులను తోలి సంపాదించిన వేడిమి, వానలో అతిథి దంతముల క్రింద కరకరలాడుచున్నది. ఒక ఋతువు మరొక ఋతువునకు ఆతిథ్యమిచ్చుట యనినను చెల్లును. రాయలవారు ఈ వ్యాఖ్యానము చేయలేదు. వడియము అని ఒక్క మాట యని పోయిరి. నాటి శ్రోతకు అంతకంటె అక్కరలేకుండెను.

విష్ణుచిత్తుని విస్తరి చూచి రాయలకు సామాన్యుని యిల్లు తెలియదని యనుకొనరాదు. నాలుగవ ఆశ్వాసములోని వర్షవర్ణనలో, వానలో ఇల్లిల్లు తిరిగినను నిప్పు దొరకుట కష్టమనియు, దొరకినను కూడు వండుట దుర్ఘటమనియు, ఇల్లంతయు పొగ నిండుననియు చెప్పిన పద్యము కలదు. సామ్రాజ్యమునేలిన చేయి పొగచూరిన పొయ్యిని ఇంత చేరువగా చిత్రించుట మన వాఙ్మయమున అరుదైన విషయము. భక్తుని యింట ఋతువు విందయినది, ఇరుగుపొరుగు యిండ్లలో అదే ఋతువు ఇబ్బంది. ఈ రెండు పద్యములను కలిపి చదివిననే రాయల ప్రకృతిదృష్టి పూర్ణముగా తెలియును.

ఋతువును అన్నముతో కొలుచుట వంగభాషలో మరొక రూపము దాల్చినది. పదునారవ శతాబ్దమున ముకుందరామ చక్రవర్తి రచించిన చండీమంగళమున వేటకాడు కాలకేతువు, అతని భార్య ఫుల్లర. చండీదేవి సుందరీరూపమున వారి గుడిసె ముందు నిలుచును. ఆమె సవతిగా వచ్చుచున్నదని భయపడి, ఆమెను మరల్చుటకు ఫుల్లర తన పన్నెండు నెలల కష్టమును నెలనెలగా చెప్పును. దీనిని బారమాస్యా యందురు. ఉత్తరభారతభాషలలో బారమాసా సామాన్యముగా విరహిణి పాట. ఆ పాటలో నెలలు ప్రియుని యెడబాటును కొలుచును. ముకుందరాముడు అదే కొలకఱ్ఱను తీసికొని ఆకలిని కొలిచెను. ఒక నెలలో జనులు నిరామిషవ్రతమున నుందురు కనుక మాంసము కొనువారు లేరు. దేవీపూజల నెలలో బలిమాంసము ఇంటింట నుండును కనుక అప్పుడును కొనువారు లేరు. లోకమునకు పండుగయైన ఋతువు ఆమెకు పస్తు. పాత్ర లేక గంజికొరకు నేలలో త్రవ్విన గుంటను ఆమె చూపును. వసంతము కోకిలతో వచ్చునని చదువుకొన్న మనకు, వసంతము కొనువారు లేని మాంసపుతట్టతో కూడ వచ్చునని చెప్పిన కవి అవసరము. ఋతువులు అందరికిని ఒక్కటే, విస్తళ్లు ఒక్కటి కావు.

ఇంతవరకు వ్రాసిన కవులను గూర్చి చెప్పితిని. అన్నమును చేతితో కళగా చేసినవారు వీరికంటె ముందునుండియు ఉన్నారు. వారు కావ్యములు వ్రాయలేదు. కుఱుందొగైలో కూడలూర్ కిళార్ రచించిన యొక చిన్నపద్యమున నవవధువు చిక్కని పెరుగును తన లేతవ్రేళ్లతో పిసికి, ఆ వ్రేళ్లను తుడిచికొన్న చీర మార్చకయే, కలువకన్నులకు తాలింపుపొగ కమ్ముచుండగా పుల్లని పులుసు వండును. భర్త తిని తియ్యగానున్నదనును. ఆమె మోము సూక్ష్మముగా వికసించును. చూచివచ్చిన పెంపుడుతల్లి కన్నతల్లికి ఈ సంగతి చెప్పుచున్నది. ఇందు వంటకము గొప్పది కాదు. వ్రేళ్లకంటిన పెరుగు, చీరకంటిన మరక, కంటికెక్కిన పొగ, ఇవే అలంకారములు. కళాకారిణి చేతిని కవి ఇంత మర్యాదతో చూచిన ఘట్టములు మనకు అధికముగా లేవు.

అట్టి చేతుల పనియే వంగదేశమున మేదినీపురప్రాంతపు గహనా బడి. మన వడియమునకు అది తోబుట్టువు. గహనా యనగా నగ. మినపపప్పు నానబెట్టి, రుబ్బి, నురుగు వచ్చువరకు గిలకొట్టి, ఆ పిండిని గొట్టముగల గుడ్డమూటలో నింపి, పళ్లెమున పరచిన గసగసాలపై సన్నని ధారగా పిండుచు హారములు, కిరీటములు, తామరలు, నెమళ్లు రచింతురు. తరువాత శీతకాలపు మెత్తని యెండలో ఎండనిత్తురు. ఎండ తీవ్రమైనచో పగులును, మబ్బు పట్టినచో పాడగును. అనగా ఆ గీత సగము స్త్రీ చేతిది, సగము పుష్యమాసపు ఆకాశముది. 1930 ప్రాంతమున శాంతినికేతనమున చదువుచున్న యొక విద్యార్థిని తన యింటి స్త్రీలు చేసిన ఈ బడులను రవీంద్రనాథునకు కానుకగా నిచ్చెను. ఆయన ముగ్ధుడై, వాని ఛాయాచిత్రములను కళాభవనమున భద్రపరచుటకు అనుమతి కోరుచు లేఖ వ్రాసెను.

ఈ సంఘటన ఒక సమస్యను మన ముందుంచును. ఛాయాచిత్రమున గీత నిలుచును. కాని నూనెలో పడినప్పటి పొంగు, గసగసాల కమ్మదనము, శీతకాలపు ఎండ అందు నిలువవు. బడిని దాచినచో అది బడి కాదు. తిన్నచో కళాఖండము పోవును. పాశ్చాత్యశాస్త్రమును చదివినవారు శాశ్వతత్వము కళకు లక్షణమందురు. మన యింటి స్త్రీలు దానిని అంగీకరింపరు. ప్రాతఃకాలమున వాకిట వరిపిండితో పెట్టిన ముగ్గును మధ్యాహ్నమునకు చీమలు మోసికొనిపోవును. పెట్టినవారికి అది నష్టముగా తోచదు, చీమలకు అన్నము దొరకినదని సంతోషము. అవనీంద్రనాథ ఠాకూరు 1919లో ప్రకటించిన బాంగ్లార్ బ్రత అను గ్రంథమున, బియ్యపుపిండితో వేయు ఆలిపనలు వ్రతము పట్టిన స్త్రీల కోరికలకు రూపములని వివరించెను. ధాన్యము కావలెనని ధాన్యముతోనే వరికంకిని చిత్రించుట! చిత్రించు వస్తువు, చిత్రింపబడు వస్తువు, కోరబడు వస్తువు మూడును ఒక్కటే. మరునాటికి అది చెరగిపోవును, మరుసటి యేట మరల వేయబడును. ప్రకృతియు ఇట్లే చేయుచున్నది. ఈ కళకు నిత్యత్వము వస్తువున లేదు, మరల చేయుటయం దున్నది.

ఇక వచనమునకు వత్తము. విభూతిభూషణ బందోపాధ్యాయుని పథేర్ పాంచాలీ 1929లో గ్రంథరూపమున వెలువడినది. అందు దుర్గకు అడవియే అన్నశాల. లేతమామిడిపిందెలు ఏరి తెచ్చి, తల్లికి తెలియకుండ ఇంటిలోనుండి నూనెయు ఉప్పును తెమ్మని తమ్ముని పంపు ఘట్టమును చదివినవారు మరువరు. మరియొకనాడు అక్కాతమ్ములు తోటలో వనభోజనము పెట్టుకొందురు. ఊరివారు తక్కువగా చూచు బ్రాహ్మణకుటుంబపు బాలిక బినియు వచ్చి కలియును. అన్నము, అడవిపెండలపు కాయలు, సగము మాడిన వంకాయవేపుడు. ఉప్పు వేయుటయే మరచిరి. తమ్ముడు బాగున్నది కాని ఉప్పు లేనట్లున్నదనును. అయినను తృప్తిగా తిందురు. బినికి కూడ సమానముగా నీరందును. ఉప్పులేని యన్నమును మనము ఇంతకుముందు చూచితిమి. నల్లూర్ నత్తత్తనార్ చూపిన గృహిణి తలుపు మూసికొని తిన్నది. ఈ పిల్లలు ఆకాశము క్రింద తినుచున్నారు. లేమి రెండుచోట్లను ఒక్కటే. చూచు లోకము లేనిచోట లేమికి సిగ్గు లేదు. దుర్గకు ప్రకృతి ఇచ్చినది కడుపునిండుగా అన్నము కాదు, సిగ్గులేని యొక పూట.

ఇదే రచయిత అశని సంకేత్ అను నవలలో 1943 నాటి వంగదేశపు కరవును చిత్రించెను. ఆ కరవు వాన లేక వచ్చినది మాత్రమే కాదు. యుద్ధకాలపు కొరతలు, ధరలు, బియ్యమును దాచిన చేతులు అందు పాల్గొన్నవి. ఇరువది నుండి ముప్పది లక్షల వరకు జనులు నశించిరని అంచనా. నవలలో బియ్యము మాయమైన కొలది గ్రామస్త్రీలు అడవిలోనికి పోవుదురు. అక్కడ త్రవ్వునది అడవిపెండలమే. పథేర్ పాంచాలీలో ఆటవస్తువైన తీగ ఇక్కడ ప్రాణాధారమైనది. ఒకే తీగను ఒకే చేయి రెండుసార్లు వ్రాసినది. మొదటిసారి చదివినప్పుడు అడవి తల్లి యని తోచును. రెండవసారి, తల్లి కూడ ఊరినంతటిని మోయజాలదని తెలియును. ఆకలితో మరణించిన అంత్యకులపు స్త్రీ మోతి కళేబరమును దహనము చేయుటకు, ముట్టరాదను నియమమును విడిచి, ఊరివారు కొందరు పూనుకొనుటతో నవల ముగియును. అన్నము పంచుకొనలేకపోయిన మనుష్యులు కడపట మరణమును పంచుకొందురు.

ఇక్కడ ఒక ఆక్షేపము రావచ్చును. ఆకలి ఇట్లుండగా అన్నమును కళ యనుట, వడియములపై నగల చిత్రములు వేయుట, సంపన్నుల వినోదము కాదా? ఈ ప్రశ్నను తోసిపుచ్చరాదు. నైషధపు విందు విషయమున ఈ ఆక్షేపము నిలుచును. కాని గహనా బడి విషయమున నిలువదు. వడియము పుట్టినదే కొరతకు భయపడి. ముందు రాబోవు లేమిని తలచి చేతనున్నదానిని దాచుకొనుటయే దాని ప్రయోజనము. దానికి చేసిన యలంకారము ఆ భయముపై మానవుడు సాధించిన చిన్నవిజయము. అన్నమును కళగా చేసిన మంచి కవులందరును ఆకలిని కూడ ఎరిగియుండుట నాకు యాదృచ్ఛికముగా తోచదు. విందులు పాడిన పాణునికి వామింటాకు తెలియును. విష్ణుచిత్తుని విస్తరిని వేసిన రాయలకు తడిసిన పొయ్యి తెలియును. ఖాళీ విస్తరిని చూచినవానికే నిండు విస్తరిలోని నేలయు నీరును కనిపించును.

కనుక విమర్శకుడు కావ్యమున భోజనఘట్టము వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేయవచ్చునని నా మనవి. ఈ యన్నము ఏ నేలనుండి, ఏ ఋతువునుండి వచ్చినదో కవికి తెలియునా? దానిని వండిన చేయి కనిపించుచున్నదా? దానిని తినలేకపోయినవాని నీడ ఎచ్చటనైన పడినదా? మూడింటికిని సమాధానము దొరకినచో అది పదునెనిమిదింటిలో లేకపోయినను ఉత్తమవర్ణనమే. దొరకనిచో అది వంటకముల జాబితాగా మిగులును.

నేడు శీతలగృహములు వచ్చినవి. మామిడియు ద్రాక్షయు ఋతువును పాటింపక అంగడిలో దొరకుచున్నవి. దీనివలన ఆకలి కొంత తగ్గినచో అది సంతోషింపదగినదే. కాని పండెండు నెలలు ఒకే రుచిగా నున్న నాలుకకు ఆముక్తమాల్యదలోని మూడు పద్యములు మూడు పట్టికలుగానే కనిపించును. వానకాలపు విస్తరిలో వడియ మెందుకున్నదో వివరింపవలసిన కాలము వచ్చినది. ఈ వ్యాసమున నేను చేసినది ఆ పాటి వివరణయే. నాకు ముందుతరముల వారెవ్వరికిని ఇది అక్కరలేకుండెను. వారికి మిద్దెపై ఎండుచున్న వడియములను కాకులనుండి కాచిన జ్ఞాపకము చాలెను.